అంకాలమ్మ గుండెదడకు మందు

సముద్రపు ఒడ్డున జువ్వలదిన్నె పట్టపుపాళెంలో అంకాలమ్మ అంటే నోరున్న మనిషి. చేపల గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరిందంటే బోగోలు సంత దాకా ఆమె గొంతే ముందు వెళ్లేది. బేరమాడినవాళ్లకు నాలుగు తగిలించి మరీ అమ్మేది. అలాంటి మనిషి, తమ్ముడి తెప్ప తుఫానులో తిరగబడి శవం కూడా దక్కని ఏడాది నుంచి, మొగుడు పోలేరయ్య చేపల వేటకు లేస్తున్న చప్పుడు వింటే చాలు, చాప మీద ముడుచుకుపోయేది. గుండె దడదడలాడేది. అరచేతులు చల్లబడేవి. తెప్ప తిరిగి ఒడ్డుకు తగిలేదాకా ముద్ద గొంతు దిగేది కాదు.

పంతొమ్మిది వందల అరవై దాటిన రోజులవి. కావలిలో ఒక డాక్టరు గొట్టం పెట్టి చూసి, "గుండె రాయిలా ఉందమ్మా. నీది ఉత్త బెంగ" అని బలానికి ఎర్రమందు సీసా ఇచ్చి పంపాడు. బెంగకు సీసాలో మందు దొరికేటట్టయితే పాళెంలో ఆడవాళ్లందరూ కడవలు పట్టుకుని బారులు తీరేవాళ్లు. పోనీ మొగుడితో చెప్పుకుందామా అంటే సిగ్గు. వేటకు పోయేవాడి పెళ్లాం భయమని నోరు తెరిస్తే ఆ భయం తెప్పెక్కి కూర్చుంటుందని వాళ్ల నమ్మకం. అందుకని కడుపునొప్పి అని ఒకరోజు, తలనొప్పి అని ఇంకోరోజు చెప్పి చెప్పి, మనిషి ఎండుచేపలా తయారైంది.

మందు అనుకోకుండా దొరికింది. ఒక తెల్లవారుజామున మగవాళ్లు వలలు భుజాన వేసుకుని ఒడ్డుకు పోతుంటే, ఇసుకలో తవ్విన చెలమ దగ్గరికి నీళ్లకు బయలుదేరిన, పాళెంలో ఒంటరిగా ఉండే ముసలమ్మ ఎదురైంది. ముసలమ్మ మొగుడు పోయిన మనిషి. పైగా చంకలో వట్టి కడవ. ఇక చెప్పాలా? మగవాళ్లు గొణుక్కుంటూ వెనక్కి తిరిగారు. పోలేరయ్య ఇంటికొచ్చి వల మూలన పడేసి మళ్లీ పడుకున్నాడు. అతని గురక వింటూ అంకాలమ్మ గిన్నెడు సద్దికూడు తిన్నది. మధ్యాహ్నం ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. లేచాక గుండె మీద చెయ్యి పెట్టి చూసుకుంది. అది తన పని తాను చేసుకుంటోంది.

ఆ తర్వాత గాలి కాస్త ఎక్కువగా ఉన్నప్పుడల్లా ముందురోజు సాయంత్రమే ముసలమ్మ గుడిసెకు వెళ్లేది.

"అత్తా, నడుము పట్టేసింది నాకు. కోడికూతకి పోయి నాకూ ఒక కడవ నీళ్లు తెచ్చిపెడతావా? చేపల పులుసు పోస్తాలే."

"తెస్తాలేమ్మే. దానికేం భాగ్యం" అనేది ముసలమ్మ.

చూపు సరిగా ఆనని ముసలామెకు మగవాళ్లు ఎప్పుడు బయలుదేరుతారో ఏం తెలుస్తుందిలే అని అంకాలమ్మ తనకు తాను సర్దిచెప్పుకునేది. మగవాళ్లు వేటకు పోకుండా వెనక్కి తిరిగొచ్చిన రోజున ఒళ్లు తేలికపడేది. పులుసు పోసేటప్పుడు మాత్రం ముసలమ్మ మొహంలోకి చూసేది కాదు.

అలా తిరిగొచ్చిన ఒకరోజున పక్క పాళెం తెప్పలకు కానాగంత చేపలు దండిగా పడ్డాయి. ఇక్కడ పొయ్యిలే వెలగలేదు. మగవాళ్ల కడుపుమంట ఎవరో ఒకరి మీద పడాలి కదా, ముసలమ్మ మీద పడింది. పాళెంలో తగువులు తీర్చే పెద్దకాపు మస్తానయ్య ఆమెను అందరి ముందుకూ పిలిపించాడు.

"ఇంక నువ్వు పొద్దెక్కేదాకా గుడిసె దాటబాకు. దాటినావంటే ఈ పాళెంలో ఉండబాకు."

పోలేరయ్య ఊరుకోలేదు. "మొగుణ్ణి మింగింది చాల్లేదా? మమ్మల్ని గూడా మింగాలనా?" అని అరిచాడు.

అంకాలమ్మ ఆడవాళ్ల మధ్య నిలబడి ఆ మాట విన్నది. సంతలో ఎవరినీ లెక్కచెయ్యని నోరు ఆ రోజు పెగలలేదు. ముసలమ్మ తల వంచుకుని సరేనన్నది. అంకాలమ్మ తెమ్మంటేనే నీళ్లకు పోయానని ఒక్క మాటైనా అనలేదు.

అప్పటి నుంచి ముసలమ్మ ఎండపూట కాలే ఇసుకలో నీళ్లకు పోవడం మొదలుపెట్టింది. ఒకనాడు చెలమ పక్కనే కళ్లు తిరిగి పడిపోయింది. అటుగా వస్తున్న అంకాలమ్మ గంప దించి పరుగెత్తి, ఆమెను లేపి గుడిసెకు చేర్చింది. ముసలమ్మ అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. వాటికి ఆముదం రాస్తూ రాస్తూ ఇక ఆగలేకపోయింది.

"అత్తా, నేను కావాలనే నిన్ను పంపినా. వాళ్లకి ఎదురుపడాలనే పంపినా. నా గుండెదడ తగ్గేదానికి నిన్ను తిట్లపాలు చేసినా."

"నాకు తెలవదనుకున్నావా అమ్మే?" అన్నది ముసలమ్మ. "రెండోసారి అడిగినప్పుడే తెలిసింది. తెలిసే పోయినా."

"తెలిసి ఎందుకు పోయినావత్తా?"

"మీ మామ వేటకి పోయి మునిగిపోయిన దినాన నాకూ ఇట్టనే గుండె కొట్టుకున్నది. పోబాకని చెప్పేదానికి నోరు రాలా. దావలో ఎవురన్నా ఎదురొస్తే బాగుండునని వాకిట్లో నిలబడి చూసినా. ఒక్కరు గూడా రాలా."

తిట్టి ఉంటే అంకాలమ్మ ఎంతో కొంత తట్టుకునేది. ఆమె కాళ్లు ఒళ్లో పెట్టుకుని, సిగ్గుతో చచ్చిపోయింది.

మర్నాడు తెప్పలు ఒడ్డుకు తగిలి మగవాళ్లు వలలు దులుపుకుంటుంటే, నేరుగా పోయి మస్తానయ్య ముందు నిలబడింది.

"పెద్దకాపూ, ముసలమ్మత్త తప్పేం లేదు. నా మొగుడు సంద్రం మీదికి పోతుంటే నాకు భయం. ఆ భయంతో నేనే ఆమెని ఎదురు పంపినా. పాళెంలో ఉండగూడని దాన్ని నేను."

మస్తానయ్య, "ముసలమ్మ ఇష్టమొచ్చినప్పుడు తిరగొచ్చు" అని మాత్రం అన్నాడు. పోలేరయ్య తలెత్తకుండా, దులిపిన వలనే మళ్లీ దులుపుతూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక, "భయమైతే నాతో చెప్పగూడదా?" అన్నాడు.

"చెప్తే పోకుండా ఉంటావా?"

పోలేరయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఆ సాయంత్రం తానే ముసలమ్మ గుడిసెకు పోయాడు. "తప్పు మాటన్నా పెద్దమ్మా. రేపట్నుంచి పొద్దున్నే నీళ్లకి పో. ఎవురూ ఏమీ అనరు" అని చెప్పి వచ్చాడు.

తెల్లవారుజామున అంకాలమ్మ కడవతో వెళ్లి ఆమె గుడిసె తడిక తట్టింది.

"లే అత్తా, చెలమకి పోదాం."

"వాళ్లు పోయినారా?" అని లోపలి నుంచి అడిగింది ముసలమ్మ.

"ఇంకా లేదు. అయినా నిన్నేం అనరులే."

"అన్నది చాల్లే. వాళ్లు పోయినాక పిలువమ్మే" అన్నది ముసలమ్మ. తడిక తియ్యలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ మాటే అన్నది.