తొమ్మిదో ఫారంలో నాయిక

మా మేనత్త ఒక అచ్చాపీసులో పంతొమ్మిదేళ్ళు ప్రూఫులు దిద్దింది. ఆ పంతొమ్మిదేళ్ళలో ఆమె కళ్ళముందు నాయికలు రెండు వందల పదకొండుసార్లు మూర్ఛపోయారు. ఈ లెక్క ఆమెదే. కన్నీటికి గీత, మూర్ఛకు సున్నా, త్యాగానికి ఇంటూ గుర్తు పెట్టిన నోటుబుక్కు ఒకటి ఆమె సొరుగులో ఉండేది.

మూర్ఛపోయిన వాళ్ళంతా ఒకే రచయిత సంతానం. ఎదురుగా ఆయన్ని అందరూ గురువుగారనేవారు, వెనకాల వెక్కిళ్ళాయన అనేవారు. ఆయన నవలలు సంతర్పణ భోజనంలా అయిపోయేవి. ఆయన నాయిక ఏడిస్తేనే అచ్చాపీసులో యంత్రం తిరిగేది.

అత్త బల్ల కిటికీ పక్కన ఉండేది. బల్లకు ఒక కాలు పొట్టి, దాని కింద మడతపెట్టిన అట్టముక్క. తడి ఆరని ప్రూఫు మీద ఎర్ర పెన్సిలు మొన ఆనించి అక్షరం అక్షరం చదివేది. అచ్చుతప్పు తప్ప మరేదీ ముట్టుకునే అధికారం ప్రూఫులు దిద్దేవాళ్ళకు లేదు. ఒక నాయిక పాలు పొయ్యి మీద పెట్టి, ఉత్తరం చదివి, కుప్పకూలింది. నలభై పేజీల దాకా ఆ పాలు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు. అత్త కూడా అడగలేదు, సున్నా పెట్టి ఊరుకుంది. అధికారం లేని చోట నోరు మూసుకోవడం మా వంశంలో ఆమె ఒక్కదానికే చేతనయింది.

కానీ ఎవరికైనా ఓపికకు ఒక అంచు ఉంటుంది. నలభై ఆరో ఏట అత్త తానే ఒక నవల రాసింది. అదే నాయిక, అదే పేరు, దగ్గుతూ ప్రేమించే అదే నాయకుడు, సమయానికి కురిసే అదే వాన. తేడా ఒక్కటే. ఈ నాయిక ఉత్తరం అందగానే ముందు పాలు దించింది.

అచ్చాపీసు యజమాని అది చదివి కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వలేక.

"అమ్మా, అచ్చేద్దాం. మూడొందల కాపీలు. కానీ ఆయన కంట పడిందో, ఆయన వెళ్ళిపోతాడు. ఆయన వెనకాలే మనందరం వెళ్ళాలి, ఇళ్ళకి."

"పడదులెండి," అంది అత్త.

పదహారు పేజీలు కలిస్తే ఒక ఫారం. దాని మొదటి పేజీ అడుగున పుస్తకం పేరూ ఫారం నంబరూ చిన్న అక్షరాల్లో ఉంటాయి. బైండరు చూసేది అదొక్కటే, కథతో ఆయనకు పని లేదు. తన పుస్తకం గుట్టు బయటపడకూడదని అత్త ఆ అడుగు పేరు తీయించేసింది. పంతొమ్మిదేళ్ళలో ఆమె పెన్సిలు చేసిన తప్పు అదొక్కటే, అది చాలింది.

మిగతా ఫారాలు అత్త బల్ల కింద కట్టగట్టి ఉన్నాయి. తొమ్మిదోది మాత్రం ఆ పూట గురువుగారి కొత్త నవల ఫారాల పక్కన ఆరుతోంది. బైండరు తాత ఆ మూడు వందలూ తీసి గురువుగారి మూడు వందల కాపీల్లో కుట్టేశాడు.

పది రోజులకు ఉత్తరాల కట్ట పట్టుకుని గురువుగారు వచ్చారు. పై ఉత్తరాన్ని యజమాని పైకి చదివాడు. "అయ్యా, నూట ఇరవై తొమ్మిదో పేజీలో అమ్మాయికి హఠాత్తుగా బుద్ధొచ్చింది. నూట నలభై అయిదులో మళ్ళీ పోయింది. ఇంట్లో అందరం కంగారు పడుతున్నాం."

యజమాని బైండరు మీద పడ్డాడు. "కళ్ళు నెత్తికెక్కాయా తాతా? దాని మీద పేరేదీ?"

"పేరు లేకపోతే గురువుగారిదే అనుకున్నానయ్యా. ఆయనది కాక ఇంకేం అచ్చేస్తాం మనం?"

"రేపట్నించి రాకు!"

ముప్పై ఏళ్ళు సూదీ దారం పట్టిన ఆ వేళ్ళు ఏం చెయ్యాలో తోచక లుంగీ అంచు కుట్టు తడుముకున్నాయి. ఫారం ఎవరిదో యజమానికి తెలుసు, అందుకే ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు. అత్త కూడా ఏ పైకప్పో చూస్తూ ఊరుకుంటే ఉద్యోగం నిలిచేది.

ఆమె లేచి నిలబడింది.

"తాతనేం అనకండి. ఆ ఫారం నాది. పేరు తీయించిందీ నేనే."

గురువుగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "నువ్వా? నన్ను ఏడిపించడానికా రాశావు?"

"కాదండీ. ఏడ్చింది చాలనిపించి రాశాను."

గురువుగారు కాగితాల కట్ట మీద కూలబడ్డారు.

"స్టేషన్లో ఆ దగ్గేవాడి పెట్టె వాడికిచ్చేసి, టీ తాగి వెనక్కొచ్చేసింది కదా ఆ పిల్ల. తర్వాత?"

"పదో ఫారంలో ఉందండి."

"ఇలా ఇవ్వు."

"మొదట్నించి చదవండి. మధ్యలోంచి చదివితే ఏమవుతుందో మీ పాఠకులు రాశారుగా."

అత్త బల్ల కింది ఫారాలు చదువుతూ సాయంత్రం దాకా ఆయన ఆ కట్ట మీదనుంచి కదల్లేదు. మధ్యలో ఒకసారి గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. యజమాని మంచినీళ్ళు తెచ్చాడు. అది నవ్వని తేలడానికి కొంతసేపు పట్టింది, ఆయనకు అలవాటు లేదు.

"దగ్గే కుర్రాణ్ణి మరీ చితకబాదావమ్మా."

"బాదలేదండీ. డాక్టరు దగ్గరికి పంపాను."

ఆయన లేచి, "తాతని ఉండనీ," అని యజమానితో అని వెళ్ళిపోయారు. అత్త గురించి మంచీ అనలేదు, చెడూ అనలేదు.

రెండు నెలలు ఆయన దగ్గర్నుంచి కాగితం రాలేదు. యంత్రం దుమ్ము పట్టింది. అత్త మాత్రం రోజూ వేళకే వచ్చి, పెన్సిలు చెక్కుకుని, ఖాళీ బల్ల ముందు కూర్చునేది. ఆమె వల్లే ఇంత జరిగిందని ఎవరైనా అంటే, తాత సూది పక్కన పెట్టి వాళ్ళ వైపు చూసేవాడు.

మూడో నెలలో కొత్త నవల వచ్చింది. ప్రూఫు ఆమె బల్ల మీదికి చేరింది. మూడో ప్రకరణంలో నాయికకు ఉత్తరం అందింది. చేతులు వణికాయి, ముఖం పాలిపోయింది. పాలగిన్నె దించి, పొయ్యి ఆర్పి, అప్పుడు మూర్ఛపోయింది.

అత్త పెన్సిలు ఆగింది. వెనక్కి తిప్పి రెండు పేజీలు మళ్ళీ చదివింది. నోటుబుక్కు తీయలేదు. పంతొమ్మిదేళ్ళుగా తనకు లేని అధికారంతో మార్జిన్లో రాసింది:

"పొయ్యి ఆర్పినట్టుంది. వెలిగించినట్టు ఎక్కడా లేదు. రచయిత గమనించగలరు."