నుంచిదాకా మాస్టారు

మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. తేదీ లేని మాట ఆయన చెవికెక్కదు. 'ఎప్పుడూ', 'ఈమధ్య', 'ఎప్పట్నుంచో' అనే మూడు మాటలు వింటే ఆయనకు ఒళ్ళు మంట. ఎవరు ఏ సంగతి మొదలుపెట్టినా "ఎప్పట్నుంచి? ఎప్పటిదాకా?" అని రెండు ప్రశ్నలు వేసి, రెండింటికీ జవాబు వచ్చాకే మిగతాది వింటారు. అందుకే ఆయన అసలు పేరు హాజరు పట్టీలో మూలన పడింది. ఆఫీసందరికీ ఆయన నుంచిదాకా మాస్టారు.

ఆ ఆఫీసు ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ రిపేరు చేసే కంపెనీది. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఏ మెకానిక్ ఎన్ని బాగుచేశాడు అనే లెక్కలను కంప్యూటర్లో రిపోర్టులుగా తయారుచేయడం మాస్టారి పని. పక్క బల్ల దగ్గర ఫిర్యాదుల ఫోను ఎత్తే ఆవిడను అందరూ ఫోనమ్మ అంటారు. పదకొండేళ్ళుగా ఆ రెండు ప్రశ్నలను అంత దగ్గర్నుంచి భరించిన మనిషి ఆవిడ ఒక్కతే.

ఒకసారి మాస్టారికి జ్వరం వస్తే ఫోనమ్మే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు మొదటి మాటే, "జ్వరం ఎప్పట్నుంచండీ?" అన్నాడు. మాస్టారి మొహం వెలిగిపోయింది. "చూశావా తల్లీ, ఇన్నాళ్ళకి నా భాష తెలిసినవాడు దొరికాడు" అన్నారు. ఆ ముచ్చట ఐదు నిమిషాలే. చీటీ రాసిచ్చి, "ఈ మాత్రలు కొన్నాళ్ళు వాడండి" అన్నాడు డాక్టరు. ఆ 'కొన్నాళ్ళు' రెండు తేదీలుగా మారేదాకా మాస్టారు కుర్చీ వదల్లేదు. బయట రోగులు తలుపు తట్టారు. ఆయనకేం పట్టలేదు.

ఇంట్లోనూ అదే వరస. "మీరు నన్నెప్పుడూ సినిమాకి తీసుకెళ్ళరు" అందట వాళ్ళావిడ.

"ఏ తేదీ నుంచి?"

"మన పెళ్ళినాటి నుంచి ఇవాళ్టిదాకా."

"ఫిల్టరేమైనా పెట్టావా, అన్నీ లెక్కేశావా?"

"పెట్టాను. మంచి సినిమాలు మాత్రమే. జాబితాలో ఒక్క వరస కూడా రాలేదు."

మాస్టారు మర్నాడు ఫోనమ్మకు ఈ సంగతి చెప్పి, "రిపోర్టు సరిగ్గానే ఉంది, ఏమనలేకపోయాను" అని ఒప్పుకున్నారు. ఆ ఆదివారం వాళ్ళావిడను సినిమాకు తీసుకెళ్ళారు కూడా. హాల్లో దీపాలు ఆరాక, "ఎన్నింటినుంచి ఎన్నింటిదాకా?" అని అడిగి మోచేతి పోటు తిన్నారట.

ఆయన రిపోర్టులకూ ఒక శాసనం ఉంది. పైన రెండు గడులుండాలి: ఎప్పట్నుంచి, ఎప్పటిదాకా. చూసేవాళ్ళు తమ చేత్తో ఆ తేదీలు మార్చుకోగలగాలి. ఫిల్టరు పెడితే ఏది ఉంచి ఏది తీసేశారో పైనే రాసుండాలి. "జల్లెడ పట్టావు సరే, కింద పడిందేమిటో చెప్పొద్దూ?" అనేవారు. ఆ గడులు లేని కాగితం ఆయన దృష్టిలో గాలి కబురు.

ఇలాంటి మనిషి నెత్తిన కొత్త మేనేజరు వచ్చి పడ్డాడు. ఆయనకు అన్నీ ఒక్క బటన్‌తో అయిపోవాలి.

"మాస్టారూ, మెకానిక్‌ల జాబితా కావాలి. గత నెలది. తేదీల గడులు తీసేయండి. నొక్కితే ఎవడు పైన, ఎవడు కింద అని కనపడితే చాలు. అట్టడుగున ఉన్నవాణ్ణి ఇంటికి పంపేద్దాం."

"గడులు తీయనండి."

"తీయరా?"

"తీయను. మనిషిని ఇంటికి పంపే కాగితం మీద ఎప్పట్నుంచి ఎప్పటిదాకా చూశారో ఉండాలి. చూసేవాడు మార్చి చూసుకునే వీలుండాలి. అది లేని రిపోర్టు నా చేతి మీదుగా పోదు."

"అయితే మీరు గోడౌన్లో కూర్చోండి."

"ఎప్పట్నుంచి?"

"ఇవాళ్టి నుంచే."

"ఎప్పటిదాకా?"

అంతవరకు మేనేజరు ఆలోచించలేదు. "దాకా రాసి పంపండి, ఫైల్లో పెట్టుకుంటాను" అని మాస్టారు తన కప్పు, తన కుర్చీ తానే మోసుకుంటూ గోడౌన్‌కు దిగిపోయారు. అట్టపెట్టెల మధ్య బల్ల వేసుకుని, గోడకు ఒక కాగితం అంటించారు. 'నుంచి: పన్నెండో తారీఖు. దాకా: మేనేజరుగారు తేల్చాలి' అని. సరుకు కోసం వచ్చిన ప్రతి మెకానిక్కూ అది చదివి నవ్వుకుంటూ పోయేవాడు. మేనేజరు మాత్రం గోడౌన్ వైపు రావడమే మానేశాడు.

జాబితా మేనేజరు తానే తయారుచేసుకున్నాడు. లోపల ఒకటో తారీఖు నుంచి ముప్పై ఒకటో తారీఖు వరకు అని బిగించి, పైన తేదీ లేకుండా ఒక ఎర్ర బటన్ పెట్టాడు. కంపెనీ పెద్ద మేడమ్ వచ్చిన రోజున అందరినీ హాల్లో కూర్చోబెట్టి ఆ బటన్ నొక్కాడు. గోడ మీద జాబితా పడింది. అట్టడుగున, అందరిలోకీ వయసులో పెద్దవాడైన పెద్ద మెకానిక్. ఆయన పేరుకు ఎదురుగా సున్నా.

"నెలంతా ఒక్క రిపేరు లేదు మేడమ్" అన్నాడు మేనేజరు.

పెద్ద మెకానిక్ సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ సంచి ఆ భుజం మీదే ఉంది. గోడ మీద అక్షరాలు ఆయనకు ఆనలేదు. "ఏమైందమ్మా?" అని ఫోనమ్మను మెల్లగా అడిగాడు.

ఫోనమ్మ ఆ సున్నా వంక మళ్ళీ చూసింది. ఆయన ఎన్ని బాగుచేశాడో ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చేసిన ప్రతి రిపేరూ మెకానిక్ తన ఫోన్లో తానే ఎక్కించాలని కంపెనీ రూలు. ఆ చిన్న అక్షరాలు పెద్దాయనకు కనపడవు. అందుకని నెలంతా ఒక పుస్తకంలో రాసుకుని, నెల ఆఖరి రోజున ఆఫీసుకు వచ్చేవాడు. ఆయన చదువుతుంటే ఫోనమ్మ ఆయన పేరు మీద అన్నీ ఒక్కపూటలో ఎక్కించేది. ఇంకొకరి పేరు మీద ఎక్కించడం తప్పు. తెలిస్తే ఆవిడ ఉద్యోగం పోతుంది. కానీ మొన్న ముప్పై ఒకటిన తన చేత్తో నలభై ఒక్కటి ఎక్కించింది. అవన్నీ ఏ గంగలో కలిశాయి?

ఎవరినీ అడక్కుండా లేచి గోడౌన్‌కు పరిగెత్తింది.

"మాస్టారూ, పెద్ద మెకానిక్ బాబాయికి సున్నా వచ్చింది."

"ఎప్పట్నుంచి? ఎప్పటిదాకా?"

పదకొండేళ్ళలో మొదటిసారి ఆ ప్రశ్న ఆవిడకు అమృతంలా వినిపించింది. "ఒకటి నుంచి ముప్పై ఒకటిదాకా" అంది.

మాస్టారు కప్పు కింద పెట్టారు.

పిలవని సభకు ఆయన చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళారు. వెనకే ఫోనమ్మ వచ్చి తన చోట కూర్చుంది. "మీకిక్కడ పనిలేదు" అన్నాడు మేనేజరు. "ఏ తేదీ నుంచి లేదు?" అంటూ నేరుగా కంప్యూటరు ముందు కూర్చున్నారు. పెద్ద మేడమ్ వారించలేదు.

"అమ్మా, ఇందులో ఆఖరి రోజు లేదు. ముప్పై ఒకటిదాకా అంటే ఈ యంత్రం ఆ రోజు మొదలయ్యే నిమిషం దగ్గరే ఆగుతుంది. గుమ్మందాకా రమ్మంటే గుమ్మంలోనే నిలబడిపోయే చుట్టంలాంటిది. ఆ రోజు జరిగిందేదీ లెక్కలోకి రాదు. రావాలంటే మర్నాటి తేదీ ఇవ్వాలి. గడులు కనపడేలా ఉంటే ఎవరో ఒకరు మార్చి చూసేవారు. ఇక్కడ బటనొక్కటే ఉంది."

ఒక్క రోజు కలిపి నొక్కారు. అట్టడుగున ఉన్న పేరు లేచి అందరికంటే పైన కూర్చుంది. నలభై ఒకటి.

"ఒక్కరోజులో నలభై ఒకటా?" అంది పెద్ద మేడమ్.

"చేసింది నెలంతానమ్మా" అన్నాడు పెద్ద మెకానిక్. "ఎక్కింది ఆరోజు."

"ఎవరు ఎక్కించారు?"

పెద్ద మెకానిక్ నేల చూపులు చూశాడు. ఫోనమ్మ లేచి నిలబడింది.

"నేనేనండి. ఆయనకి ఫోన్లో అక్షరాలు ఆనవు. ఫ్రిజ్‌లో రోగం మాత్రం తలుపు తీయకముందే తెలిసిపోతుంది. మనకి కావాల్సింది రెండోది అనుకున్నాను. తప్పయితే నన్ను పంపండి, ఆయన్ని కాదు."

"మేడమ్, రూలు ప్రకారం ఎవరిది వాళ్ళే ఎక్కించాలి" అన్నాడు మేనేజరు.

పెద్ద మేడమ్ ఆయన వైపు తిరిగింది. "ఆ రూలు ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళ నుంచి మేడమ్."

"ఇవాళ్టిదాకా" అంది మేడమ్. "రేపట్నుంచి పెద్దాయన పుస్తకం ఈవిడే ఎక్కిస్తుంది, రోజూ, ఎక్కించింది తానేనని పక్కన తన పేరు రాసి మరీ."

ఆ జబ్బు అంటుకునేదని ఫోనమ్మకు అప్పుడే తెలిసింది.

సాయంత్రం మేనేజరు తానే గోడౌన్‌కు వచ్చి, "పైకి రండి మాస్టారూ" అన్నాడు. "ముందు దాకా రాసివ్వండి" అన్నారు మాస్టారు. మేనేజరు గోడ మీది కాగితం మీదే తేదీ వేసి సంతకం పెట్టాక గానీ కుర్చీ కదల్లేదు. ఆ కుర్చీని పైకి మోసింది మేనేజరే.

మర్నాడు మాస్టారి పాత రిపోర్టులో తేదీలు ఎలా పెట్టారో చూద్దామని ఫోనమ్మ దాన్ని తెరిచింది. లోపల ప్రతి మార్పు పక్కనా ఎందుకు చేశారో, ఏ రోజు చేశారో రాసుకోవడం మాస్టారికి అలవాటు. 'దాకా' అనే చోట ఇలా ఉంది: 'ఆఖరి రోజు తప్పకుండా కలపాలి. పెద్దాయన నెల కష్టమంతా ఆ పూటే ఎక్కుతుంది. ఎక్కించే పిల్లను ఎవరూ ఏమీ అడగకూడదు.'

కింద తేదీ లేదు. మాస్టారి రాతలో తేదీ లేని ముక్క చూడటం ఆవిడకు అదే మొదలు.

ఫోనమ్మ కళ్ళు తుడుచుకుని, కుర్చీ పక్కకు తిప్పింది. "మాస్టారూ, నేను బాబాయివి ఎక్కిస్తున్నట్టు మీకు తెలుసా?"

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

మాస్టారు తెర మీంచి చూపు తిప్పలేదు. మెడ వెనక గోక్కున్నారు. కప్పు ఎత్తి, ఖాళీగా ఉందని చూసి, మళ్ళీ కింద పెట్టారు.

"ఎప్పట్నుంచో" అన్నారు.