డిస్కులో కనిపించని సగం

మా తమ్ముడు లిఫ్టు మెకానిక్. లిఫ్టు ఎక్కడ మొరాయించినా ముందు కరెంటు తీసి, కాసేపు ఆగి, మళ్ళీ ఇచ్చి చూస్తాడు. సగం రోగాలు దాంతోనే కుదురుతాయని వాడి నమ్మకం. ఇంట్లో మిక్సీ ఆగినా అదే వైద్యం. పెళ్ళాం అలిగితే మాత్రం ఈ వైద్యం పనిచేయదురా అని ఏడిపించేదాన్ని. మా మరదలు పడీపడీ నవ్వేది.

వాడికో పిచ్చి ఉండేది. ఎవరో పారేసిన పాత కంప్యూటర్ మోసుకొచ్చి, చెప్పుల అలమర పై అరలో పెట్టి, ఇంటి సర్వర్ చేశాడు. ఫోటోలు, సినిమాలు, బాగుచేసిన ప్రతి లిఫ్టు బొమ్మా అందులోనే. కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ కూడా తగిలించాడు. నేను కింది వాటాలో ఉంటాను కాబట్టి పైన వీడి సంబడమంతా నాకు వినబడుతూనే ఉండేది.

మరదలు మంచాన పడ్డాక ఆ పిచ్చే అక్కరకొచ్చింది. ఆమె గొంతు సన్నబడిపోయి పక్క గదిలోకి కూడా వినిపించేది కాదు. వీడు మంచం పక్కన చిన్న మైకు పెట్టి సర్వర్‌కి కలిపాడు. వంటగదిలో ఉన్నా పిలుపు వీడి చెవిలో పడేది. డాక్టరుకి దగ్గు వినిపించడానికి పనికొస్తుందని, మైకులో వచ్చేదంతా ఒకే పెద్ద ఫైలుగా రికార్డయ్యేలా కూడా చేశాడు. దగ్గు ఒక్కటేనా, నాతో చెప్పుకున్న కబుర్లు, వీడిని తిట్టిన తిట్లు, ఏమీ తోచక తీసిన కూనిరాగాలు, అన్నీ అందులో పడ్డాయి.

ఆమె పోయిన వారానికి వీడు ఆ ఫైలు తెరిచాడు. దగ్గే వచ్చింది. ముందుకు జరిపాడు, అక్కడా దగ్గే. తట్టుకోలేక చెరిపేశాడు. నేను వెళ్ళేసరికి తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ గది తలుపు మూసేశాడు. మంచం, దుప్పటి, మైకు, దేన్నీ తాను ముట్టుకోలేదు, నన్ను ముట్టుకోనివ్వలేదు.

అసలు బాధ తర్వాత మొదలైంది. ఒకరోజు కంచం ముందు కూర్చుని, "అక్కా, తన గొంతు గుర్తు రావట్లేదు. మొహం కనిపిస్తోంది, మాట వినిపించట్లేదు" అన్నాడు. ఫోన్లన్నీ వెతికాడు. వీడియోలు తీయడానికి వీడికి లిఫ్టులే దొరికాయి. మరదలా, కెమెరా చూస్తే నోరు కుట్టేసుకునే రకం. చెరిపేసిన ఆ ఫైలు తప్ప ఆమె గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

"నా చేతులు పడిపోను" అంటూ తన చేతులకేసి చూసుకునేవాడు. ఊరుకోరా అనేదాన్ని.

ఆ దిగులులో ఉండగానే సర్వర్ పేచీ మొదలుపెట్టింది, డిస్కు నిండిపోయిందని. చూస్తే ఉన్న ఫైళ్ళన్నీ కలిపినా డిస్కులో సగం లేవు. మిగతా సగం ఎక్కడికి పోతోంది? వీడికి పంతమొచ్చింది. మనిషి ఏదో ఒక ధ్యాసలో పడ్డాడు కదా అని నేనూ సంతోషించాను. సినిమాలన్నీ వేరే డిస్కులోకి మార్చాడు, చెత్తబుట్ట ఖాళీ చేశాడు, మూలమూలల ఫోల్డర్లు తిరగేశాడు. ఖాళీ చేసిన చోటు మళ్ళీ నిండేది.

"ఎవరో లోపలుండి తింటున్నట్టుందక్కా. మనకి కనిపించట్లేదంతే."

చివరికి విసుగొచ్చి తన వైద్యం తనే చేశాడు. బ్యాటరీ పీకి, కరెంటు తీసి, కాసేపాగి మళ్ళీ ఇచ్చాడు. మిషన్ లేచేసరికి సగం డిస్కు ఖాళీ. మెట్లు దిగి పరుగున వచ్చి "కుదిరిందక్కా" అన్నాడు. ఆమె పోయాక వాడు నవ్వడం అదే మొదటిసారి. ఆ ఊపులో సినిమాలన్నీ తెచ్చి మళ్ళీ అందులోకి ఎక్కించేశాడు.

మర్నాడు చూస్తే సర్వర్లో ఒక కొత్త ఫైలు ఉంది. దాని పేరు చెరిపేసిన పాత ఫైలు పేరే. వింటే మూసిన గదిలోని నిశ్శబ్దం, తలుపవతల వీడి అడుగులు, కింద నుంచి నా కేకలు. ఇదేమిటో అర్థంకాక కంప్యూటర్ షాపతన్ని పిలిచాడు.

"పాత ఫైలు చెరిపేశారు సరే, రికార్డింగ్ ఆపారా అన్నా?" అని అడిగాడతను.

"లేదు."

"అయితే అది అప్పుడు పోలేదన్నా. పైన పేరొక్కటే పోయింది. రికార్డు చేసే ప్రోగ్రాం దాన్ని పట్టుకునే ఉంది, ఖాళీ గదిని కూడా దాని చివరే అతికిస్తూ పోయింది. మీకు లెక్క తేలని సగం అదే."

"మరి మొన్నటిదాకా ఉందా?"

"ఉంది. మిషన్ ఆపకుండా నన్ను పిలిచుంటే బయటికి తీసేవాణ్ణి. ఆపగానే దాన్ని వదిలేసి, లేచాక కొత్త ఫైలు మొదలెడుతుంది."

ఇప్పుడు తీయలేవా అని వాడు అడగలేదు, నేనడిగాను. మళ్ళీ ఎక్కించిన సినిమాలు దాని మీదే పడి చెరిపేసి ఉంటాయి, అయినా చూస్తాను అని అతను డిస్కు పట్టుకెళ్ళాడు. కొన్నాళ్ళకి తెచ్చిచ్చాడు. దొరికినవి చిన్నచిన్న ముక్కలు, వాటినిండా గరగర తప్ప మాట లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీద మండిపడాలో మాత్రం తెలియలేదు. దుఃఖంలో ఒళ్ళు తెలియక చెరిపినప్పుడు కూడా ఆ మాయదారి పెట్టె ఆమెను వదల్లేదు. అంత ఓపిగ్గా వెతికి, పక్కాగా బాగుచేసి, మా వాడే పోగొట్టుకున్నాడు.

ఆ సాయంత్రం వాడు కిందికి వచ్చి నా కుట్టుమిషన్ పక్కన నేలమీద కూర్చున్నాడు.

"అక్కా, నువ్వు రోజూ తన పక్కనే కూర్చునేదానివి కదా. నన్నెలా పిలిచేదో ఒక్కసారి అను."

"ఇదిగో, మిమ్మల్నే" అన్నాను.

"అలా కాదు."

ఆమె చివర కాస్త సాగదీసేది. అలాగే అన్నాను. వాడు కళ్ళు మూసుకుని విన్నాడు.

"అలా కాదక్కా" అన్నాడు. తనూ అనబోయి, నోరు తెరిచి, ఆగిపోయాడు.

ఇంకోసారి అన్నాను. అది నా గొంతే.