తగ్గని జబ్బుకు సాక్ష్యం

మా దొడ్డమ్మ పోయిందని మొన్న మధ్యాహ్నం ఫోనొచ్చింది. తణుకు దగ్గర మిల్లులో లారీకి బస్తాలెత్తుతున్నాను. భుజం మీది బస్తా దించి దేవుణ్ణి తిట్టాను. చదివితే మీలో కొందరికి కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

అమ్మ లేని నన్ను పెంచింది ఆవిడే. ఊడుపులకెళ్ళి బతికిన మనిషి. అన్నం వండే ప్రతిసారీ దేవుడి పేరున పిడికెడు బియ్యం పక్కన పెట్టేది, మాకు చాలకపోయినా. అలాంటి మనిషి ఎముకల్లోకి కేన్సర్ దిగింది. రాజమండ్రి ఆసుపత్రి నుంచి ఆటోలో వస్తుంటే, గతుకొచ్చినప్పుడల్లా నా మోచెయ్యి గట్టిగా పట్టుకునేది. "నెమ్మదిగా పోనియ్యి బాబూ, కోడిగుడ్లు తీసుకెళ్తున్నాననుకో" అని డ్రైవరుతో హాస్యమాడేది.

మా చర్చివాళ్ళు పెట్టిన ఉజ్జీవ కూటాలకి, అదే ప్రార్థన సభలకి, వచ్చిన ఒక ప్రసంగీకుడు ఆవిడ తల మీద చెయ్యి పెట్టి, స్వస్థత రాలేదంటే దాచుకున్న పాపమేదో ఉందన్నాడు. మైకులో అన్నాడు. అతణ్ణి కిందికి లాగుదామని లేచాను. దొడ్డమ్మ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

మా చర్చిలో ఆదివారం సాక్ష్యాలుంటాయి. జబ్బు తగ్గినవాళ్ళు, ఉద్యోగమొచ్చినవాళ్ళు లేచి వందనాలు చెబుతారు. మిగతావాళ్ళు కూర్చునే ఉంటారు. ఆ కూటాల తర్వాతి ఆదివారం దొడ్డమ్మ నన్ను ఆసరా చేసుకుని లేచింది.

"నాకు తగ్గలేదండి. ఇక తగ్గదంట. ఎందుకో నాకు తెలీదు. సిలువ మీద యేసయ్య కూడా ఎందుకనే అడిగాడు, పైనుంచి మాట రాలేదు. నా మంచం దగ్గర ఆయనున్నాడు. అదే నా సాక్ష్యమండి."

 వెనక వరసలో, కాలవలో కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఒకావిడ లేచింది. "మావాడు తిరిగి రాలేదండి" అని కూర్చుంది. ఆ చావు తర్వాత చర్చిలో ఆవిడ గొంతు వినడం అదే మొదలు.

ఇంటికొచ్చాక అడిగాను, పక్కనే ఉన్నవాడు నొప్పి తియ్యడేంటని.

"నువ్వు తియ్యగలవా? మరి నా పక్కనెందుకు కూర్చున్నావురా?"

నేను మనిషిని, ఆయన దేవుడు కదా అన్నాను.

"ఆ మాట ఆయన్నే అడుగు. గట్టిగా అడుగు. ఆయనేం అలగడు."

భూస్థాపన రోజు వాన. మా వైపు వానాకాలం కాస్త తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. పెట్టె ఒడ్డున పెట్టి, నేను గోతిలోకి దిగి బకెట్టుతో తోడుతున్నాను. ఈవిడకి పొడినేల కూడా ఇవ్వలేవా అని దేవుణ్ణి పైకే అడిగాను, గట్టిగానే. చాల్లే బాబూ దింపేద్దాం అన్నారు పాస్టరుగారు. నేనాగలేదు. అప్పుడు ఆ కొడుకు పోయిన తల్లి కుచ్చిళ్ళు దోపుకుని, బురదలో మోకాళ్ళూని, బకెట్టు అందుకుంది. ఆవిడ వెనక ఇంకెవరో, వాళ్ళ వెనక ఇంకెవరో చేతులు చాపారు. నీరు ఊరుతూనే ఉంది. మేం తోడుతూనే ఉన్నాం.