లేకుంటే పో

వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోయే బస్సులో నా పక్కనున్న అమ్మాయి ఇంటర్వ్యూ జవాబులను కిటికీకి అప్పజెప్పుతోంది. బట్టల దుకాణంలో పెరిగిన నోరు నాది, ఊరుకుంటదా?

"జీతం రేటు చెప్పేటప్పుడు కండ్లు దించొద్దమ్మా. కావాలంటే తీస్కో, లేకుంటే పో అన్నట్టుండాలె."

"నువ్వెన్ని ఇంటర్వ్యూలకు పోయినవన్నా?"

"ఐదు. ఐదుసార్లూ కండ్లు నేలమీదనే. ఆఖరుకు మా దుకాణంలనే కూసున్న."

పకపకా నవ్వింది. తనకిది తొమ్మిదోదట. ఇదీ పోతే అమ్మ వెంట పత్తి ఏరనీకి పోవాలట.

"లేకుంటే పొమ్మననీకి నీకు దుకాణముండె అన్నా," అంది మెల్లగా.

దిగేదాకా మళ్లీ కిటికీకే అప్పజెప్పింది, ఈసారి గొంతు తగ్గించి.

ఇప్పుడు దుకాణంల గిరాకీని "లేకుంటే పో" అనేటప్పుడు నా కండ్లు వాటంతటవే కిందికి దిగుతున్నయి.