వెర్న్ హాలినన్ కింది బెర్తు అడిగిన రోజు

చార్ల్‌విల్ స్టేషన్‌లో టిక్కెట్ల కిటికీ వెనక కూర్చున్న గ్లెనిస్ అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. బ్రిస్బేన్‌కి రాత్రి బండిలో కూర్చుని వెళ్ళొచ్చు, ముగ్గురి గదిలో పడుకుని వెళ్ళొచ్చు, కాస్త దర్జా కావాలనుకుంటే ఇద్దరి గదిలో వెళ్ళొచ్చు. వెర్న్‌కి ఏది కావాలి?

"ఏదైనా ఒకటేనమ్మా. నీకేది సులువైతే అదే ఇచ్చెయ్," అన్నాడు వెర్న్, టోపీ చేతిలో పట్టుకుని.

గ్లెనిస్ పెన్ను కింద పడేసింది. వెర్న్‌ని ఆవిడ చిన్నప్పటి నుంచీ ఎరుగును. ఆ మాటకొస్తే అతనికున్న జబ్బు ఆ పడమటి క్వీన్స్‌లాండ్ మగవాళ్ళందరికీ ఉన్నదే. దాహంతో నాలుక పిడచగట్టుకుపోతున్నా మంచినీళ్ళు అడగరు. ఎవరైనా ఇస్తే, ఎందుకండీ మీకు శ్రమ అంటారు. కాకపోతే మిగతావాళ్ళకి ఆ జబ్బు జలుబులాంటిది, వచ్చి పోతుంది. వెర్న్‌ది మాత్రం పుట్టుకతో వచ్చింది.

అతను నలభై ఏళ్ళు గాలిమరలు బాగుచేసి బతికాడు. గొర్రెల ఎస్టేట్లలో బోరుబావుల మీద నిలబడి తిరుగుతుంటాయే, ఆ ఇనప మరలు. పొద్దున్నే నిచ్చెనెక్కితే మళ్ళీ మధ్యాహ్నం టీకే దిగేవాడు. ఒకసారి గాలి అడ్డం తిరిగి రెక్క తగిలి, అంతెత్తు నుంచి కింద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎస్టేటు యజమాని జీపులో వచ్చేసరికి ఎర్రమట్టిలో వెల్లకిలా పడి ఉన్నాడు. దెబ్బ తగిలిందా అని ఆయన అడిగితే, ఫర్వాలేదండీ, మీ పని ఆగిపోయింది, అదే బాధ అన్నాడట. ఆయన దాన్ని నిజమనుకుని ఇంకో మర చూడ్డానికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి మనవాడు అక్కడే ఉన్నాడు, ఈసారి ఈగలతో సహా. ఆ కథ చార్ల్‌విల్ బార్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అందరికంటే గట్టిగా వెర్న్ నవ్వుతాడు.

పెళ్ళి కూడా అతను అడిగి చేసుకున్నది కాదు. ఐలీనే అడిగింది. రెండేళ్ళు ప్రతి శనివారం డాన్సుకి తీసుకెళ్ళి, ప్రతి శనివారం గుమ్మం దగ్గర టోపీ తీసి వెనక్కి తిరిగి పోతుంటే విసిగిపోయి, నన్ను చేసుకుంటావా చేసుకోవా అని నిలదీసింది. అప్పటి నుంచి అతని తరఫున అడగడమంతా ఆవిడ పనే. ఎవరింటికైనా భోజనానికి వెళితే, వెర్న్‌కి ఇంకో మటన్ ముక్క వెయ్యండి, మొహమాటపడుతున్నాడు అనేది. చొక్కాల కొట్లో, ఆస్పత్రిలో, చివరికి మంగలి షాపులో కూడా ఆవిడ మాటే అతని మాట. ఆవిడ పోయాక అతను బాగా చిక్కిపోయాడు. దుఃఖం సరే, రెండోసారి వడ్డించమని అడిగే మనిషి లేకపోవడం కూడా ఒక కారణం.

ఇంతకీ ఆ ప్రయాణం కూతురి పెళ్ళికి. నెరిడా బ్రిస్బేన్‌లో నర్సు. వాళ్ళ పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుర్ని తండ్రే మోచెయ్యి అందించి చర్చి గుమ్మం నుంచి పీఠం దాకా నడిపించుకెళ్ళాలి. నెల క్రితం ఫోన్ చేసి, చర్చి చాలా పొడుగ్గా ఉంది నాన్నా, నీ తుంటికి కష్టమేమో, డెస్ మావయ్య నన్ను నడిపిస్తానంటున్నాడు, నీకు ఫర్వాలేదా అని అడిగింది. డెస్ అంటే ఐలీన్ తమ్ముడు. నిటారైన మనిషి, ఆజానుబాహువు, కార్ల వ్యాపారం. ఫర్వాలేదమ్మా, ఏదైనా ఒకటే అన్నాడు వెర్న్. ఫోన్ పెట్టేసి, నూనె డబ్బా తీసుకుని కిర్రుమంటున్న తన గేటుకి నూనె వేశాడు. తర్వాత పక్కింటి గేటుకి వేశాడు. పొద్దుగూకేసరికి ఆ వీధిలో శబ్దం చేసే గేటన్నది లేదు. వీధి మొత్తానికి విషయం అర్థమైంది, ఒక్క నెరిడాకి తప్ప.

అతనికి కూతుర్ని తనే నడిపించాలని ఉంది. ఆ కోరిక ఎంత బలంగా ఉందంటే, రాత్రిళ్ళు ఎవరూ చూడకుండా హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మోచెయ్యి వంచి నడిచి చూసుకునేవాడు. రైలు దిగేటప్పుడు గనక సరిగ్గా నడవగలిగితే, నెరిడా తనంతట తనే చూసి మనసు మార్చుకుంటుందేమోనని ఆశ. కూర్చుని వెళితే తుంటి బిగుసుకుపోతుంది. పై బెర్తుకి నిచ్చెనెక్కితే అంతే సంగతులు, మర్నాడు కర్ర లేకుండా అడుగు పడదు. కుంటుతూ దిగాడా, ఇక ఆ నడక డెస్‌దే.

గ్లెనిస్ ఇదంతా ఎరిగినదే. ముగ్గురి గదిలో ఒక టిక్కెట్టు చించి ఇచ్చింది. ఆ లైన్లో గది నంబరే ఇస్తారు, బెర్తు నంబరు ఇవ్వరు. ముగ్గురు మగవాళ్ళనో ముగ్గురు ఆడవాళ్ళనో ఒక గదిలో వేస్తారు. ఎవరెక్కడ పడుకోవాలో వాళ్ళే తేల్చుకోవాలి.

"ఎక్కగానే కింది బెర్తు నాకు కావాలని చెప్పు. కొంప మునగదు. చెప్తావా?" అంది గ్లెనిస్.

చూద్దాంలే అన్నాడు వెర్న్. ఆవిడ నుదురు కొట్టుకుంది.

సాయంత్రం బండి ఎక్కేసరికి గదిలో ఇద్దరు మనుషులు అప్పటికే నిలబడి ఉన్నారు. కూర్చోవడానికి పొడవాటి సీటు ఉండగా ఎందుకు నిలబడ్డారంటే, ఎవరు కిటికీ పక్కన కూర్చోవాలో ఇంకా తేలలేదు. ఒకాయన బెవన్ స్ట్రట్, గుర్రాల జీన్లు కుట్టే ముసలాయన, ఎండుపుల్లలా ఉంటాడు, మాట తక్కువ. రెండో ఆయన కోల్ ప్రిడమ్. గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాలకి వంటవాడు. తను వండినదానికి తనే సాక్ష్యంలా ఉంటాడు. తలుపు లోంచి పక్కకి తిరిగి రావాల్సిన మనిషి. ముగ్గురూ కూర్చున్నారు, కిటికీ పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు. అక్కడ టోపీలు పెట్టారు.

కోల్ మంచివాడు. సంచిలోంచి ఉప్పుమాంసం శాండ్‌విచ్‌లు తీసి పంచాడు. గొర్రెల గురించి, రాని వాన గురించి, వచ్చినా తప్పుడు చోట కురిసే వాన గురించి మాట్లాడుకున్నారు. బెర్తుల మాట ఎవరూ ఎత్తలేదు. గది గోడకి పై రెండూ మడిచి పెట్టి ఉన్నాయి. కిందది వాళ్ళు కూర్చున్న సీటే. ముగ్గురూ వాటిని చూడకుండా ఉండడానికి పడ్డ పాట్లు చూసి తీరాల్సిందే.

చీకటి పడ్డాక పడకలు పరిచే ఉద్యోగి దుప్పట్లు పట్టుకుని వచ్చాడు. ఎవరు ఎక్కడ అని అడిగాడు. నాకెక్కడైనా ఒకటే అన్నాడు బెవన్. నాకూ అంతే అన్నాడు కోల్. మీ ఇష్టం అన్నాడు వెర్న్. ఆ ఉద్యోగి ఈ లైన్లో ముసలివాడైపోయిన మనిషి. పోయిన నెల అచ్చం మీలాంటివాళ్ళే ముగ్గురు, కింది బెర్తు నీకంటే నీకని చెప్పుకుంటూ రాత్రంతా గది బయట నడవాలో నిలబడ్డారనీ, ఇస్త్రీ దుప్పటి నలగకుండానే బ్రిస్బేన్ చేరిందనీ చెప్పి, పడకలు పరిచేసి వెళ్ళిపోయాడు. ముగ్గురూ ఆ ముగ్గురి తెలివితక్కువతనానికి పడీపడీ నవ్వారు. నవ్వు అయిపోయాక వాళ్ళూ నడవాలోనే నిలబడ్డారు.

ముందు కదిలింది బెవన్. ఏదో ఒకటిలే అని గొణుగుతూ పిల్లిలా పైకెక్కి తెర లాక్కున్నాడు. ఆయనకి మొదటి నుంచీ పై బెర్తే కావాలి. రాత్రి కట్టుడుపళ్ళు తీసేస్తే మొహం ఎవరికీ చూపించడు మరి. ఆ ముక్క సాయంత్రమే చెప్పి ఉంటే మూడో వంతు గొడవ అప్పుడే తీరిపోయేది.

మిగిలింది కిందది, మధ్యది. వెర్న్, కోల్.

ఇక్కడ ఆ ఊళ్ళ పద్ధతి ఒకటి తెలియాలి. ఏదైనా ఇవ్వజూపితే మొదటిసారి వద్దనాలి, రెండోసారీ వద్దనాలి. మూడోసారి తీసుకోకపోతే ఇచ్చేవాణ్ణి అవమానించినట్టు. ఇది ఎవరూ నేర్పరు, తల్లిపాలతో వచ్చేస్తుంది. వెర్న్ నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది, నువ్వు కింద పడుకో కోల్ అని. అబ్బే, నువ్వే పడుకో అన్నాడు కోల్. వెర్న్ మళ్ళీ అన్నాడు, పెద్ద ఒళ్ళు నీది, నువ్వెలా ఎక్కుతావ్ అని. కోల్ మళ్ళీ వద్దన్నాడు. కానీ ఈసారి కాస్త మెల్లగా వద్దన్నాడు, కళ్ళు దుప్పటి మీద పెట్టి.

ఇక మూడోది మిగిలింది. అది తన నోట్లోనే ఉందని, బయటికి వస్తే కోల్ తీసుకుని తీరతాడని వెర్న్‌కి తెలుసు. గాలిమరలెక్కినవాడికి ఈ నిచ్చెన ఒక లెక్కా అని తనకి తనే చెప్పుకుంటూ మొదటి మెట్టు మీద కాలు వేసి చూశాడు. తుంటిలో సలుపు మోకాలి దాకా దిగింది. చర్చి కనిపించింది. డెస్ మోచేతిలో నెరిడా చెయ్యి కనిపించింది. తను వెనక వరసలో కూర్చుని, ఫర్వాలేదు ఫర్వాలేదు అని అందరికీ చెప్తూ ఉండడం కనిపించింది. అతనికి చెమటలు పట్టాయి. అంతెత్తు మర మీద నుంచి పడుతున్నప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు.

"కోల్," అన్నాడు. నిచ్చెన మీంచి కాలు తీసేశాడు. "కోల్, కింది బెర్తు నాకు కావాలి."

పై బెర్తు మీద తెర కదిలి ఆగిపోయింది. కోల్ అతని వంక, తుపాకి చూపించి దోచుకుంటున్నవాణ్ణి చూసినట్టు చూశాడు.

"నాకూ అదే కావాలి గురూ," అన్నాడు చివరికి. "సాయంత్రం నుంచీ దాని మీదే ఉంది నా ప్రాణం. కానీ నువ్వు అడిగేశావ్. అడిగినవాడికి ఇవ్వకుండా ఎలా?"

సిగ్గుతో వెర్న్ చెవులు ఎర్రబడ్డాయి. పోనీలే, నువ్వే తీసుకో అనే మాట పళ్ళ దాకా వచ్చింది. పళ్ళు గట్టిగా బిగించి కింది బెర్తు మీద కూర్చున్నాడు.

కోల్ నిచ్చెనెక్కడం చూడ్డానికి పక్క గదుల వాళ్ళు కూడా వచ్చారు. మొత్తానికి ఎక్కాడు. ఎక్కాక మధ్య బెర్తు సగం దాకా కుంగి వెర్న్ ముక్కుకి జానెడు దూరంలో ఆగింది. ఆ రాత్రి వెర్న్ కంటి మీద కునుకు లేదు. కోల్ పక్కకి దొర్లినప్పుడల్లా ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఒక మనిషికి అన్యాయం చేశానని కుమిలిపోయాడు. పొద్దున్నే ఆయన తిట్టినా పడాల్సిందే అనుకున్నాడు. కానీ కాలు మాత్రం చక్కగా చాపుకుని ఉంది.

తెల్లారి కోల్ ఆవలిస్తూ దిగాడు. నడుము పట్టేసిందని ఓ బూతు మాటన్నాడు, అది బెర్తుని. తర్వాత కేకు ముక్క కోసి పెద్దది వెర్న్ చేతిలో పెట్టి, కూతురి పెళ్ళి సంగతులు అడగడం మొదలుపెట్టాడు. వెర్న్ ఆ కేకు వంక చాలాసేపు చూశాడు. ఒక మనిషి దగ్గర కావలసింది అడిగి తీసుకున్నాక కూడా, ఆ మనిషి నీకు కేకు పెడతాడని అతనికి అరవై దాటాక తెలిసింది. ఐలీన్‌కి ఇదంతా ముందే తెలుసు కాబోలు. తనకెందుకు చెప్పలేదో అనుకుని, చెప్పే ఉంటుంది, నేనే వినలేదు అనుకున్నాడు.

బ్రిస్బేన్ ప్లాట్‌ఫారం మీద నెరిడా నిలబడి ఉంది, పక్కన డెస్. వెర్న్ పెట్టె పట్టుకుని దిగాడు. నిటారుగా, కర్ర లేకుండా, ఆమె దాకా నడిచి వెళ్ళాడు. నెరిడా ముద్దు పెట్టుకుంది, ప్రయాణం ఎలా జరిగిందని అడిగింది. అతని నడక గురించి ఒక్క మాట కూడా అనలేదు. డెస్ మాత్రం, బావా, చర్చిలో నీకు ముందు వరసలోనే కుర్చీ వేయించాను, మెత్తది అన్నాడు.

ఇంతదూరం వచ్చినా ఆమె తనంతట తను చూడలేదు. వెర్న్ పెట్టె కింద పెట్టాడు.

"డెస్, నీ మీద నాకు కోపమేం లేదు. నెరిడా, రేపు నిన్ను నేనే నడిపిస్తాను. నాకు అది కావాలి."

డెస్ అప్పటికే అద్దం ముందు రిహార్సల్ కూడా చేసుకున్న మనిషి పాపం. కానీ పెద్ద మనసున్నవాడు, అల్లాగే బావా అని పెట్టె అందుకుని ముందుకి నడిచాడు. నెరిడా మాత్రం కదల్లేదు. నవ్వుతుందనుకున్నాడు వెర్న్. ఆమె ఏడుస్తోంది, అదీ కోపంగా.

"నెల రోజులు నాన్నా. ఫోన్ మోగినప్పుడల్లా నువ్వే చేశావనుకుని పరిగెత్తాను, డెస్ వద్దు, నేనే నడిపిస్తానంటావని. ఏదైనా ఒకటే అన్నావు. నా పెళ్ళి కూడా నీకు అంతేనేమో అనుకున్నాను."

ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళకి శ్రమ తప్పిస్తున్నాననుకున్నాడు వెర్న్. తన కూతురికి అది ఇలా వినపడుతుందని అతనికి తట్టనే లేదు. జేబురుమాలు కోసం వెతికితే దొరకలేదు, టోపీ తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాంతోనే కళ్ళు తుడుచుకుంది.

"ఒకటి కాదమ్మా," అన్నాడు. "ఎప్పుడూ ఒకటి కాదు."