జిగురు మరకలు

మొన్న మా అత్తమ్మ చనిపోయింది. రెండోసారి వచ్చిన పక్షవాతం ఆమెను తీసుకుపోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "ఆయుష్షు అంతే ఉన్నది" అని, చాయ్ తాగి వెళ్లిపోయారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతోంది. నేను ఐదో తరగతి దాకే చదివాను. నలుగురిలో నోరు విప్పాలంటే సిగ్గు. అయినా ఇది రాస్తున్నాను.

కొత్తగూడలో మాకు రెండు బర్రెలు. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తుంటే అక్కడి చాయ్ కొట్లకు మా పాలే పోయేవి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నేను బర్రె దగ్గరికి పోవడానికి భయపడితే అత్తమ్మ నవ్వింది. "దానికి గూడ నువ్వు కొత్తే పిల్లా. అది గూడ సిగ్గుపడుతున్నది" అన్నది. నేను అడగలేనని తెలిసి, అడగకముందే నా పళ్లెంలో కూర వేసేది.

గడ్డిమోపు దించాక ఒక్కోసారి గోడకు ఆనుకునేది. "జర చెయ్యి పెట్టి చూడు బిడ్డా" అని నా అరచేతిని గుండెకు అదుముకునేది. కొట్టుకోవడం ఒక తీరుగా ఉండేది కాదు. ఉరికేది, ఆగేది, మళ్లీ ఉరికేది. కాసేపటికి సర్దుకునేది.

మొదటిసారి మూతి వంకరపోయి కుడిచేయి పడిపోయినప్పుడు పెద్ద దవాఖానలో అన్నీ చూశారు. బీపీ లేదు, షుగర్ లేదు, మెదడుకు పోయే నరాల్లో అడ్డం లేదు. చేయి తిరిగి లేచింది గాని కారణం దొరకలేదు. గుండె అప్పుడప్పుడు లయ తప్పితే లోపల రక్తం గడ్డకట్టి మెదడుకు పోతుందని, ఆ తప్పు దొరికితే రక్తం పలచబడే మందు ఇవ్వొచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఛాతీకి వైర్లు అతికించి, నడుముకు చిన్న పెట్టె కట్టి, "రేపటిదాకా ఉంచుకోండి. రోజూ చేసే పనులన్నీ చేయండి" అని పంపింది.

ఇంటికి రాగానే మా బావ, అంటే అత్తమ్మ పెద్దకొడుకు, మంచం వాల్చాడు.

"పండుకో అమ్మా. వైర్లు పెట్టుకొని పేడ ఎత్తితే ఊరోళ్లు నా ముఖాన ఉమ్ముతరు."

"డాక్టరమ్మ పని చెయ్యమన్నది గదరా."

"ఆమెకేంది, చెప్పి ఊకుంటది. కొడుకులు సచ్చిండ్రా అని అడిగేది నన్ను."

చుట్టాలు అరటిపండ్లు తెచ్చి, పెట్టెను చూసి పోయారు. పాలు పిండడానికి పక్కింటాయన కూర్చుంటే బర్రె తన్నింది. అత్తమ్మ పడుకునే అన్నది, "ఈ మిషన్ దానికి పెట్టుండ్రి. నాకంటె అదే పరేషాన్ల ఉన్నది."

రిపోర్టులో ఏ తప్పూ లేదు. బావ సంబరంగా దూద్‌పేడాలు పంచాడు. డాక్టరమ్మ మాత్రం ఒక్కరోజు చాలదన్నది. ఆ తప్పు ఎప్పుడో గాని రాదని, మళ్లీ మళ్లీ పెట్టి చూడాలని చెప్పింది.

"మంచిగున్న గుండెను గెలుకుడెందుకు?" అన్నాడు బావ.

నేను తలుపు చాటు నుంచే చెప్పాను. "లేదు బావా, తప్పుతున్నది. నా చేతికి తెలిసింది."

"అయితే నువ్వే డాక్టరువు. బోర్డు రాయించుదమా?"

అందరూ నవ్వారు. నా భర్త కూడా నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు. "ఆ పిల్ల అబద్ధమాడదురా. నన్ను మళ్ల తీస్కపోండ్రి" అన్నది. చూద్దామన్నారు. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు.

మొన్న రెండోసారి పడిపోయినప్పుడు దవాఖానలో ఛాతీకి రబ్బరు బుడ్డీలు పెట్టి గుండె గీతలు తీయగానే ఆ తప్పు కనిపించింది. బావకు చూపించారు. ఆయన ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. ఆయనకు తల్లి మీద ప్రేమ లేదని అనను. ఊరి నోటికి భయపడినంతలో సగమైనా తల్లి మాటకు విలువ ఇవ్వాల్సింది అంటున్నాను. ఆయుష్షు అంతే అని నాతో ఎవరూ అనకండి. చూడమని చెప్పినా చూడలేదు అనండి.

మొదటిసారి ఆ పెట్టె, వైర్లు తీసేశాక ఆమె ఛాతీ మీద గుండ్రంగా జిగురు మరకలు మిగిలాయి. ఎన్ని నీళ్లు పోసినా పోలేదు. కొబ్బరినూనెతో నేను రుద్దుతుంటే, "మెల్లగ బిడ్డా, మళ్ల అక్కడ్నే పెడతరు గద" అన్నది.

మొన్న చివరి స్నానం నేనే చేయించాను. నూనె గిన్నె పక్కన పెట్టుకునే మొదలుపెట్టాను. తుడవడానికి ఆ ఛాతీ మీద ఒక్క మరక లేదు.